పలక మీద రాయని తీర్పు

ఉదయ్‌కుమార్ చనిపోయిన ఆదివారం బెల్జియంలో కార్ల రేసు ఉంది. మనకి సాయంత్రం ఆరున్నరకి మొదలవుతుంది. దాన్ని అందుకోవాలనే ఉదయ్, తౌసిఫ్ భీమిలి నుంచి నాలుగింటికే బయల్దేరారు. మంగమారిపేట దాటాక, సముద్రం వైపు ఒరిగే మలుపులో వాళ్ళ మోటారు సైకిలు పడింది. నడుపుతున్నది తౌసిఫ్. అతనికి కాలు విరిగింది. వెనక కూర్చున్న ఉదయ్‌ని ఆస్పత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

భీమశంకరరావు మాస్టారికి కబురు తెలిసి, కంచరపాలెం నుంచి ఆటోలో ఆస్పత్రికి చేరేసరికి ఆరు కావస్తోంది. ఉదయ్ ఆయనకి ఒక్కడే కొడుకు. ఇరవై ఆరేళ్ళు. మాస్టారు కొడుకుని చూశారు. పసుపుపచ్చ చొక్కా కాలరు నలిగి ఉంటే సరిచేశారు. తర్వాత బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. పక్కన భార్య ధనలక్ష్మిని ఎవరో పట్టుకుని ఉన్నారు. ఆవిడ ఏడుపు ఆయనకి దూరంగా, వేరే వీధిలోంచి వస్తున్నట్టు వినిపించింది.

హెడ్ కానిస్టేబుల్ అట్ట, తెల్ల కాగితం పట్టుకుని వచ్చాడు.

"బండి ఎవరు నడిపారు మాస్టారూ?"

"తౌసిఫ్."

"స్పీడుగా నడుపుతాడా?"

"వాళ్ళకి రేసుల పిచ్చి. ప్రతి ఆదివారం అదే. ఎవరు ఎవర్ని ఎలా దాటారు, అదొకటే మాట" అన్నారు మాస్టారు.

"అంటే ఓవర్‌టేక్ చెయ్యబోయి ఉంటాడు."

"చెయ్యబోయే ఉంటాడు."

"మీరే రాసివ్వండి మాస్టారూ. నా రాత మా ఎస్సై గారికి అర్థం కాదు."

మాస్టారు అట్ట ఒళ్ళో పెట్టుకుని రాశారు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా నల్లబల్ల మీద రాసిన చెయ్యి. అలాంటప్పుడు కూడా వణకలేదు. 'నా కుమారుని స్నేహితుడు మహమ్మద్ తౌసిఫ్ మోటారు సైకిలును అతివేగముగాను, నిర్లక్ష్యముగాను నడుపుచు, ముందు పోవు వాహనమును దాటబోయి, నా కుమారుని మరణమునకు కారకుడైనాడు.' కింద సంతకం, తేదీ. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

హెడ్ కానిస్టేబుల్ కాగితం చూసి, "అచ్చు వేసినట్టుంది సార్" అన్నాడు. అని, అనకూడని సమయంలో అన్నానని తెలిసి తల దించుకున్నాడు.

అప్పుడే మాస్టారి జేబులో ఫోను మోగింది. సంగతి ఇంకా తెలియని రాము పంపిన మెసేజి. 'మాస్టారూ, బేగి రండి. ఇంకో ఐదు నిమిషాల్లో మొదలైపోతాది. మన గుంటలిద్దరూ, ఉదయ్, తౌసిఫ్ కూడా రాలేదేటి?'

రాము ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతను రమ్మన్న చోటు వన్ టౌన్‌లో అయూబ్ సీటు కవర్ల కొట్టు. అయూబ్ తౌసిఫ్ తండ్రి. ఆటోలకీ మోటారు సైకిళ్ళకీ సీట్లు కుడతాడు. కొట్టు నిండా రెక్సిన్ చుట్టలు, వాటి పైన గోడకి టీవీ. తౌసిఫ్, ఉదయ్ మాస్టారి స్కూల్లోనే ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. తౌసిఫ్ మెకానిక్ అయ్యాడు, ఉదయ్ పోర్టులో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేరాడు. రేసులు మాత్రం కలిసి చూసేవారు. ఆదివారం సాయంత్రం కొట్టు షట్టరు సగం దించేసేవారు. ఉదయ్, తౌసిఫ్, అతని చెల్లెలు ఆస్రా, రాము, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే మాస్టారి మేనల్లుడు సాయిశంకర్. చూడ్డం రెండు గంటలైతే తగువు మూడు గంటలు. ఆ మలుపులో వాడు వీణ్ణి దాటడం న్యాయమా కాదా, పక్కకొచ్చేసిన బండికి చోటు వదిలాడా లేదా. ఒకసారి తగువు ముదిరి, రాము టీ గ్లాసు నేలకేసి కొట్టాడు. అప్పుడు అయూబ్ మాస్టారికి కబురెట్టాడు.

"ఈళ్ళలో సగం మంది మీ దగ్గర సదూకున్నోళ్ళే మాస్టారూ. మీరు సెప్తే ఇంటారు" అన్నాడు.

మాస్టారికి రేసుల గురించి ఏమీ తెలియదు. నియమం ఏమిటని అడిగారు. దాటేవాడు పక్కకొచ్చేశాక, రెండోవాడికి ఒక బండి పట్టే చోటు వదలాలి, అంతే అన్నాడు తౌసిఫ్. మాస్టారు ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశారు. నోటితో చెప్తే మళ్ళీ తగువవుతుందని, పలక అడిగి దాని మీద రాశారు. తగువు అక్కడితో ఆగింది. ఆ రోజు నుంచి అది ఆ కొట్టు ఆనవాయితీ అయింది. మూడుసార్లు చూడందే రాయకూడదు. రాశాక ఎవరూ వాదించకూడదు. రాసింది మాస్టారు తప్ప ఇంకెవరూ చెరపకూడదు. పలక మూల తేదీ వెయ్యడం ఉదయ్ పని. నాలుగేళ్ళు అలా సాగింది. కొడుకుతో పాటు ఆ కొట్టులో కూర్చోవడం కోసమే తాను రేసులు నేర్చుకున్నానని మాస్టారు ఎవరితోనూ అనలేదు.

రేసు లేని ఆదివారాలు సినిమాలు చూసేవారు. అందులో ఒక మలయాళం సినిమా అందరికీ బాగా నచ్చింది. ఇద్దరు స్నేహితులు బండి మీద వెళ్తుంటే ఒకడు పోతాడు. నడిపినవాడు బతుకుతాడు. తప్పెవరిదో సినిమా చెప్పదు. చివర్లో పోయినవాడి తల్లి, గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి లోపలికి పిలిచి కంచం పెడుతుంది. కొట్టు నిండా జనం ఉండి కూడా ఆ సీను దగ్గర ఎవరూ దగ్గలేదు. "అమ్మయితే ఏం చేస్తుంది నాన్నా?" అని ఉదయ్ ఇంటికొచ్చే దారిలో అడిగాడు. "మీ అమ్మ ముందు చెయ్యి కడుక్కురమ్మంటుంది" అన్నారు మాస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఉదయ్ పోయిన మూడో రోజు, అయూబ్ భార్య హమీదా క్యారియర్‌లో అన్నం పట్టుకొచ్చింది. ధనలక్ష్మి తలుపు తియ్యలేదు. హమీదా క్యారియర్ గడప పక్కన పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం మాస్టారే దాన్ని తీసుకెళ్ళి, మూత కూడా తెరవకుండా, వీధి చివర ఆటోవాడికిచ్చి వన్ టౌన్ పంపేశారు.

తర్వాత ఏడాది పాటు ఆయన ఆ కొట్టు వైపు వెళ్ళలేదు. తౌసిఫ్ మీద కేసు నడుస్తోందని తెలుసు. చెన్నై దగ్గర రేసు ట్రాకులో మెకానిక్‌గా అతనికి ఉద్యోగం వచ్చిందనీ, కేసు తేలితే గాని చేర్చుకోమన్నారనీ సాయిశంకర్ చెప్పాడు. మాస్టారు విని ఊరుకున్నారు.

సంవత్సరీకం అయిన రెండు వారాలకి ఆ మలయాళం సినిమా తెలుగులో వచ్చింది. మన బీచ్ రోడ్డు మీదే తీశారు. సాయిశంకర్ ఆయన్ని జగదాంబ సెంటరుకి లాక్కెళ్ళి చూపించాడు. తెలుగులో బండి నడిపే కుర్రాడికి అన్వర్ అని పేరు పెట్టారు. కళ్ళకి సుర్మా పెట్టుకుని, అత్తరు పూసుకుని, పందెం కాసి బండెక్కుతాడు. ఒక్కో లారీనీ దాటుతూ వెనక్కి తిరిగి నవ్వుతాడు. చివర్లో తల్లి అతని చెంప పగలగొడుతుంది. హాలు హాలంతా ఈలలు. చీకట్లో మాస్టారికి ఏడాదిలో మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది. బయటికొచ్చాక సాయిశంకర్ "ఎలాగుంది మావయ్యా?" అంటే, "బాగుంది" అన్నారు.

తర్వాతి ఆదివారం సాయిశంకర్ ఫోను చేశాడు.

"మావయ్యా, అయూబ్ భాయ్ కొట్టుకి సున్నమేయిత్తన్నాడు. నీ పలక గోడకే ఉందట. పట్టుకెళ్తావా, ఏటి సెయ్యాలో అడగమన్నాడు."

"పారెయ్యమను."

"ఆ మాట నాను అన్లేను. నువ్వే వచ్చి అనీ."

మాస్టారు బస్సు దిగి ఆ సందులోకి వచ్చేసరికి ఏడయింది. షట్టరు ఎప్పటిలాగే సగం దించి ఉంది. లోపలి నుంచి ఇంజిన్ల రొద, దాన్ని మించి మనుషుల గొంతులు. ఆయన బయటే ఆగిపోయారు.

"లోపలికి దూరీసినాడు బావా! ముందు సక్రం పక్కకొచ్చీసింది. ఇంక ఆ మలుపు ఆడిదే!" సాయిశంకర్ గొంతు.

"నీ ఎర్రకారోడు ఏటి సేసినా నీకు పండగే" అన్నాడు రాము. "మొన్న ఆడే ఇసకలోకి ఎల్లిపోతే, గాలి తోసీసిందన్నావ్."

"గాలే!"

"గాలికి కూడా నువ్వే లాయరువా బావా?"

"ఉండు రామూ" అంది ఆస్రా. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది, మాట సూటిగా ఉంటుంది. "మలుపు లోపలోడిదే అనుకుందాం శంకరన్నా. మరి బయటోడు ఎక్కడికెళ్ళాలి? సముద్రంలోకా?"

టీవీలో వ్యాఖ్యాత ఒక్కడే అరుస్తున్నాడు.

"ఒగ్గీయండెహె" అన్నాడు రాము కాసేపటికి. "సినిమా సంగతి సెప్పు బావా. మాస్టారిని తీసుకెళ్ళినావంట కదా."

"తీసుకెళ్ళాను. బాగుందన్నాడు."

"సార్ బాగుందన్నారా?" అంది ఆస్రా.

"బాగుంటే బాగుందనరేటి?" అన్నాడు సాయిశంకర్. "మలయాళపోళ్ళలాగ ఊరికే సముద్రం కేసి సూత్తా కూకుంటే మనోళ్ళు టికెట్టు కొంటారా? రీమేకంటే మనకి తగ్గట్టు మార్సుకోవాల. మనకి ఎవడో ఒకడు తప్పు సెయ్యాల. తప్పు సేసినోడు నేకపోతే ఇంటర్వెల్ ఎక్కడెయ్యమంటావ్?"

"వెయ్యండి. నేనొద్దన్నానా? ఆ తప్పు చేసినోడు ఎప్పుడూ మా ఇంట్లోనే ఎందుకు పుట్టాలి అంటున్నాను. మలయాళంలో వాడిది ఏ మతమో నీకు గుర్తుందా? ఎవరికీ గుర్తులేదు. ఇద్దరూ ఒకే వీధి, అంతే. ఇక్కడికొచ్చేసరికి సుర్మా ఎందుకొచ్చింది? అత్తరెందుకు? మా అన్నకి అత్తరు వాసనొస్తే తుమ్ములు."

"నిజమే" అన్నాడు రాము. "ఆళ్ళ మేనమావ పెళ్ళిలో తుమ్మీ తుమ్మీ ఫొటోలన్నీ పాడుసేసినాడు."

"పైగా ఆ అన్వర్ మాట్లాడేది ఏ ఊరి మాట? వాడిది విశాఖపట్నం అన్నారు. నోరు తెరిస్తే హైదరాబాదు పాతబస్తీ. వన్ టౌన్‌లో పుట్టినోడు మీలాగే 'నాను' అంటాడని వాళ్ళకి ఎవరూ చెప్పలేదా?"

"అదేదో కామెడీకెట్టార్లే."

"కామెడీకి పెట్టినోణ్ణే చివర్లో చెంప మీద కొట్టించారు. నీ పక్కనోళ్ళు ఈలేశారు. నువ్వేశావా లేదా?"

కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"బస్ ఆస్రా, ఇంక సాలు" అన్నాడు అయూబ్.

మాస్టారు వంగి షట్టరు కింది నుంచి లోపలికి వచ్చారు. రాము లేచి నిలబడ్డాడు. సాయిశంకర్ టీవీ గొంతు తగ్గించాడు. అయూబ్ ముఖం ఏడాదిలో బాగా పీక్కుపోయింది. తన స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

"కూకోండి మాస్టారూ. టీ తెప్పించనా?"

"వద్దు అయూబ్. పలక కోసం వచ్చాను."

అయూబ్ గోడ దగ్గరకెళ్ళి, మేకుకి వేలాడుతున్న నల్ల రెక్సిన్ ముక్క పక్కకి తీశాడు. దాని వెనక పలక. భుజాలు తగిలి రాత చెరిగిపోకుండా ఆ ముక్క కప్పి ఉంచాడన్నమాట. సుద్ద రాత అలాగే ఉంది. 'చోటు వదల్లేదు. తప్పు లోపలి బండిది.' మూల చిన్న అంకెల్లో తేదీ. ఏడు అంకెకి నడుమ అడ్డగీత గీయడం ఉదయ్ అలవాటు.

"మీరు తప్ప ఇంకొకళ్ళు సెరపకూడదు గదా" అన్నాడు అయూబ్. "అందుకే కబురెట్టాను. పారెయ్యమంటే పారేత్తాను, గానీ సెరిపి ఇయ్యండి."

మాస్టారు పలక అందుకోలేదు. ఆ ఏడు అంకె దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"మావయ్యా, నువ్వే సెప్పు" అన్నాడు సాయిశంకర్. "సినిమా బాగుందన్నావా నేదా?"

"అన్నాను."

"ఏం బాగుంది సార్?" అంది ఆస్రా. గొంతులో కోపం లేదు. తరగతిలో ప్రశ్న అడిగినట్టే అడిగింది.

మాస్టారు ఆస్రా వైపు తిరిగారు. "అందులో తప్పెవరిదో తెలుస్తుందమ్మా."

"మూడుసార్లు చూడందే రాయకూడదని మాకు చెప్పింది మీరు. మా అన్న తప్పు మీరు ఎన్నిసార్లు చూసి రాశారు సార్?"

"ఆస్రా!" అయూబ్ కేకేశాడు.

వెనక గదిలోంచి తౌసిఫ్ వచ్చాడు. చేతికి గ్రీజు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. మాస్టారిని చూసి, స్కూల్లోలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికెళ్ళు ఆస్రా" అన్నాడు చెల్లెలితో.

"ఎళ్ళను. ఇవాళ చెప్పేస్తాను. సార్, ఆ మలుపు దగ్గర సోడాల బండాయన కొట్టుకి కెమెరా ఉంది. ఆ రోజుది మొత్తం పడింది. నేనే వెళ్ళి ఫోన్లో ఎక్కించుకొచ్చాను. పదకొండు నెలలైంది. పోలీసులు అడగలేదు. వీళ్ళు ఇవ్వనివ్వలేదు."

మాస్టారు అయూబ్ వైపు చూశారు.

"ఇత్తే కోర్టులో ఎయ్యాలట" అన్నాడు అయూబ్ నేల చూస్తూ. "మిమ్మల్ని పిలుత్తారు. ఆ అమ్మని పిలుత్తారు. కొడుకు పోయే బొమ్మ తల్లికెలా సూపించమంటారు మాస్టారూ? హమీదా ఒద్దంది. నానూ ఒద్దన్నాను."

"నువ్వెందుకివ్వలేదు?" మాస్టారు తౌసిఫ్‌ని అడిగారు. ఏడాదిలో అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

"లాయరు ఇమ్మన్నాడు సార్. ఇత్తే మీరు రాసింది అబద్ధమని నాను నిరూపించినట్టవుద్ది. మీరు రాసింది మీరే సెరపాల గదా. అదే గదా మన రూలు. మీరొత్తారని సూసినాను."

సాయిశంకర్ తల తిప్పుకున్నాడు.

"పెట్టు" అన్నారు మాస్టారు.

అయూబ్ షట్టరు పూర్తిగా దించాడు. ఆస్రా ఫోను మాస్టారి చేతికిచ్చింది. టీవీలో కార్లు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉన్నాయి.

బొమ్మ పదకొండు సెకన్లు. ఖాళీ రోడ్డు, ఒక కుక్క, ఆ తర్వాత బండి. రోడ్డుకి ఎడమ వారగా వస్తోంది. ముందు ఏ వాహనమూ లేదు. దాటడానికి ఏమీ లేదు. పసుపుపచ్చ చొక్కా గాలికి ఉబ్బి ఉంది. వెనక నుంచి తెల్లటి టూరిస్టు వ్యాను వచ్చి పక్కకి చేరింది. ఎదురుగా బస్సు. వ్యాను ఎడమకి కోసుకొచ్చింది. బండి రోడ్డు దిగి ఇసుకలోకి జారింది. వ్యాను ఆగలేదు.

మాస్టారు వెనక్కి తిప్పమన్నారు. రెండోసారి వ్యాను నెంబరు కోసం చూశారు. కనపడలేదు. మూడోసారి పెట్టినప్పుడు తౌసిఫ్ గోడ వైపు తిరిగాడు. ఈసారి మాస్టారు కొడుకుని చూడకుండా బండి వెనక దీపాన్ని చూశారు. వ్యాను కోసుకురాకముందే ఆ దీపం ఎర్రగా వెలిగింది. తౌసిఫ్ బ్రేకు వేశాడు. చోటు ఇవ్వడానికే వేశాడు.

రాము అలవాటు కొద్దీ డబ్బాలోంచి సుద్దముక్క తీసి అందించాడు. అందించాక, తానేం చేశాడో తెలిసి వెనక్కి తీసుకోబోయాడు. మాస్టారు తీసుకున్నారు. పలక ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో పాత రాత చెరిపారు. మూల తేదీ మాత్రం చెరపలేదు. చాలాసేపు సుద్ద పట్టుకుని కూర్చున్నారు.

"ఇది ఇక్కడ రాసేది కాదు" అన్నారు చివరికి. "అక్కడ రాశాను. అక్కడే రాయాలి. రేపు స్టేషనుకెళ్తాను."

అయూబ్ రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. తౌసిఫ్ "సార్" అన్నాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నారు. చెయ్యి లేచింది గాని, అంతదూరం వెళ్ళలేదు. పలక మేకుకి తగిలించి బయటికొచ్చేశారు.

ఇంటికెళ్ళేసరికి ధనలక్ష్మి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన పక్కన పీట మీద కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పారు. ఆవిడ చేతులు ఆగలేదు.

"వ్యాను నెంబరు తెలిసిందా?"

"లేదు."

"డ్రైవరు?"

"కనపడలేదు."

ధనలక్ష్మి ఒక కాయ తుంచి పళ్ళెంలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది.

"అయితే ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలండీ?"

మాస్టారు కూడా ఒక కాయ చేతిలోకి తీసుకున్నారు.

"ఏడాదిగా పొద్దున్న లేస్తే వాడి పేరే తలుచుకుంటున్నాను. వాడి కాలు, వాడి చెయ్యి, వాడి ఇల్లు, అన్నీ తిడితే గాని పొయ్యి దగ్గరికి వెళ్ళలేను. వాడు కాదంటే, పొద్దున్న లేచి ఏం చెయ్యమంటారు? దాన్ని కూడా తీసేస్తారా నా దగ్గర్నుంచి?"

"అది అబద్ధం ధనం."

"రాసింది మీరేగా. నేను రాయలేదుగా." ఆవిడ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి మళ్ళీ గొంతు వినిపించింది, ఈసారి మెత్తగా. "ఆ రోజు ఆవిడ తెచ్చిన క్యారియర్‌లో ఏముందో నాకు తెలుసు. పప్పు, గోంగూర. మనవాడికిష్టమని. వాసన తలుపు సందులోంచి వచ్చింది."

సోమవారం మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని రెండో కాగితం రాశారు. 'నేను సంఘటనను చూడలేదు' అన్న చోట మూడుసార్లు కొట్టివేసి, మూడుసార్లు అదే మాట మళ్ళీ రాశారు. సాఫుగా మళ్ళీ రాద్దామనుకుని మానేశారు. ఇది ఇలాగే ఉండాలి అనిపించింది.

ఆ సాయంత్రం స్టేషనుకి వెళ్ళారు. అప్పటి హెడ్ కానిస్టేబుల్ బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినతను ఫైలు వెతికి, పాత కాగితం తీసి, "మీరు రాసిందేనా ఇది? చక్కగా ఉంది. మీరే ఇప్పుడు కాదంటే, అప్పుడెందుకు రాశారని అడుగుతారు మాస్టారూ. జవాబు చూసుకుని గురువారం రండి" అన్నాడు. గురువారం వెళ్ళారు. కిటికీలోంచి లోపల ఎస్సై ఎదుట కూర్చున్న కుర్రాణ్ణి చూశారు. తన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు విలేఖరి. మాస్టారు గేటు దగ్గర్నుంచే బస్టాపుకి నడిచారు. ఆ తర్వాతి సోమవారం ధనలక్ష్మికి జ్వరం. శుక్రవారం ఏ కారణమూ లేదు. స్కూలు వదిలాక నేరుగా ఇంటికి వచ్చేశారు.

ఎందుకు రాశారని అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలుసు. కొడుకు పోయిన బాధలో రాశానని చెప్పొచ్చు. ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆయన రాసినప్పుడు చెయ్యి వణకలేదు. ఆ పేరు రాస్తున్నప్పుడు, ఎంతమంది ఆ పేరుని అలాగే నమ్మేస్తారో ఆయనకి లోపలెక్కడో తెలుసు. దాన్ని నమ్మించడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదని కూడా తెలుసు. ఆ సంగతి రెండో కాగితంలో రాయలేదు.

మధ్యలో రెండు ఆదివారాలు గడిచాయి. సాయిశంకర్ ఫోను చేసి, "మావయ్యా, తౌసిఫ్ కోసం చెన్నైవోళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారంట. ఏటి సెప్పమంటావ్?" అన్నాడు. "చెప్తాను" అన్నారు. కొట్టుకి సున్నం వేశారట. పలక మళ్ళీ అదే మేకుకి తగిలించారట. దాని మీద తేదీ తప్ప ఇంకేమీ లేదట.

తౌసిఫ్ వాయిదా ఈ నెల ఇరవై నాలుగున. మాస్టారి రెండో కాగితం ఆయన చేతిసంచీలో, హాజరుపట్టీ కింద ఉంది. స్టేషన్లో ఇప్పటికీ మొదటిదే ఉంది.